నల్లతెర మీద మూడు హెచ్చరికలు

మిల్లులో బాయిలర్ల పరీక్షల గది తాళానికి వేసిన లక్కముద్రను ఇన్‌స్పెక్టరు స్వయంగా పగలగొట్టాడు. ఆ ముక్కలను అరచేతిలో పెట్టుకుని, నగల దుకాణంలో సరుకు చూపించినంత శ్రద్ధగా డిటెక్టివ్ కళ్ళ ముందుకు చాపాడు.

“చూసుకోండి అమ్మగారూ. శుక్రవారం మధ్యాహ్నం నా చేత్తో వేసిన ముద్ర. ఆ తరవాత ఈ గదిలో ఈగ కూడా దూరలేదు. రేపు కోర్టులో అదీ ఇదీ అనకూడదు మరి.”

“అనవలసి వస్తే ఇక్కడే అంటాను లెండి. పక్కకు జరగండి, మోకాళ్ళ నొప్పులదాన్ని, గుమ్మంలో ఎంతసేపు నిలబెడతారు?”

పోలీసు శాఖలో ఆమెకు ‘సూదిమందు’ అని పేరు. నొప్పి ముందు పెడుతుందిట, గుణం తరవాత కనబడితే కనబడుతుందిట. ఆ పేరు ఆమె చెవిన పడి చాలా కాలమైంది. ఆమె కాదనలేదు, నవ్వనూ లేదు.

బాయిలరు పేలి ఏడుగురు చనిపోయిన రంగుల మిల్లు అది. ఆ బాయిలరును పరీక్షించే ఇంజనీరు కాలిన గాయాల వార్డులో స్పృహ లేకుండా పడి ఉంది. మాట లేని ఆ మనిషి కాలిని మంచం కోడుకు గొలుసుతో కట్టి, గుమ్మంలో కానిస్టేబులును కూర్చోబెట్టారు. పరీక్ష చెయ్యకుండానే బాయిలరు బాగుందని వదిలేసిందని ఆమె మీద నేరం. ‘మా అక్క మూడుసార్లు హెచ్చరించింది, మెయిళ్ళు ఆమె కంప్యూటర్లోనే ఉన్నాయి’ అంటాడు తమ్ముడు. ‘కంపెనీ సర్వరులో వాటి జాడే లేదు, ప్రమాదం తరవాత వీడే కూర్చుని అల్లాడు’ అంటాడు ఇన్‌స్పెక్టరు. ఈ సాయంత్రం అతను మేజిస్ట్రేటు ముందు పెట్టబోయే కాగితంలో అక్క పేరూ ఉంది, తమ్ముడి పేరూ ఉంది.

ఆ తమ్ముడే నిన్న డిటెక్టివ్ ఇంటికి వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోకుండా, “మా అక్క నోరు తెరిచి చెప్పుకోలేదు. ఆమె తరఫున మీరు చెప్పండి” అన్నాడు. కంపెనీలో కంప్యూటర్లు చూసే ఉద్యోగం అతనిది. ఇప్పుడు డిటెక్టివ్ వెనకాలే గదిలోకి వచ్చి, అక్క కుర్చీ దగ్గర ఆగిపోయాడు. కుర్చీ వీపుకు అక్క స్వెట్టరు తగిలించి ఉంది.

గోడకు మేకుల మీద మందపాటి చేతితొడుగులు వేలాడుతున్నాయి. స్విచ్చుబోర్డు చుట్టూ గ్రీజు వేళ్ళ ముద్రలు. బల్ల మీద చిన్న కంప్యూటరు. కీబోర్డుకు పల్చటి ప్లాస్టిక్ తొడుగు. దాని మీదా ఆ నల్లటి వేళ్ళే.

“మౌసేదీ?” అంది డిటెక్టివ్.

“లేదు మేడమ్. అక్క చేతులకెప్పుడూ గ్రీజే. ఎన్ని మౌసులు కొన్నా జిగురు పట్టి చచ్చిపోయేవి. అందుకే ప్రమాదానికి ముందు ఆదివారం ఈ మెయిల్ పెట్టాను. దీంట్లో బొమ్మలుండవు, మౌసుతో పని లేదు. బాణం మీటలతో పైకీ కిందకీ. రాయాలంటే ఒక అక్షరం, పంపాలంటే ఒక అక్షరం.”

“మా తాతల కాలం సరుకు,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “మా ఇంట్లో పిల్లలకి చూపిస్తే టీవీ చెడిపోయిందనుకుంటారు.”

తమ్ముడు మీట నొక్కాడు. నల్లటి తెర మీద తెల్లటి వరుసలు లేచాయి: అంకె, తేదీ, ఎవరికి, దేని గురించి. రంగూ రూపూ లేని ఆ వరుసల్లో మూడు ‘అత్యవసరం’ అన్న మాటతో మొదలయ్యాయి. సోమవారం ఒకటి, బుధవారం ఒకటి, గురువారం సాయంత్రం ఒకటి. మూడూ డైరెక్టరుకే. శుక్రవారం ఉదయం బాయిలరు పేలింది.

“ఇదిగో, ఇదే మీ సాక్ష్యమైతే నాకు జాలేస్తోంది,” ఇన్‌స్పెక్టరు తెర మీద వేలితో కొట్టాడు. “ఇది ఉత్త అక్షరాల ఫైలండీ. తెరిచి తేదీ మార్చొచ్చు, మనిషిని మార్చొచ్చు, నేను రాసినట్టు కూడా మార్చొచ్చు. పిండిముద్ద! మా వాళ్ళు నా కళ్ళముందే నాలుగోది తయారుచేసి చూపించారు. మీ పేరు మీద.”

“ఏం రాశారు నా పేరు మీద?”

“కేసు వదిలేస్తున్నానని.”

“అయితే అది దొంగదని చిన్నపిల్లాడికి కూడా తెలుస్తుంది.”

పైకి అలా అన్నది కాని, ఆమె ధైర్యం సడలింది. ఇన్‌స్పెక్టరు చెప్పింది అక్షరాలా నిజం. మనిషి చేత్తో రాసిన కాగితమైతే సిరా చెబుతుంది, మడత చెబుతుంది. ఈ వరుసలకు ఒళ్ళు లేదు. నిజం చెప్పినవారి మాటకూ అబద్ధమాడినవారి మాటకూ ఇక్కడ ఒకే మొహం. ఆ మూడు మెయిళ్ళను పట్టుకుని వేలాడినంతసేపూ వార్డులో ఉన్న మనిషి కాలి గొలుసు ఊడదు.

“ఆ మూడూ వదిలెయ్యి,” అంది తమ్ముడితో. “ఆ వారం ఆమె ఇక్కణ్ణుంచి పంపినవన్నీ చూపించు.”

ఎక్కువ లేవు. సోమవారం నాటిది ఒకటి స్టోర్సుకు రాసింది ఉంది. ‘పైపు జాయింట్లకు ఆరు గాస్కెట్లు కావాలి. పోయిన వారమూ అడిగాను. మీ గిడ్డంగిలో దెయ్యాలేమైనా తింటున్నాయా?’

డిటెక్టివ్ ఆ ఒక్క ముక్కనూ రెండుసార్లు చదివింది.

“ఇన్‌స్పెక్టరుగారూ, సర్వరు వాళ్ళిచ్చిన జాబితా మీ దగ్గరుంది కదా. ఈ గాస్కెట్ల మెయిల్ అందులో ఉందా?”

అతను విసుగ్గా కాగితాలు తిప్పాడు. మళ్ళీ మొదటినుంచీ తిప్పాడు. “లేదు.”

“అంటే ఇదీ ఇతనే అల్లాడా? అక్కను కేసులోంచి తప్పించడానికి కూర్చున్నవాడు, దెయ్యాలు గాస్కెట్లు తింటున్నాయని కూడా రాశాడంటారా?”

ఇన్‌స్పెక్టరు జవాబు చెప్పేలోపు ఆమె బల్ల మీది ఫోను అందుకుని స్టోర్సుకు కలిపి, స్పీకరు నొక్కింది.

“స్టోర్స్!”

“బాబూ, నేను పోలీసువారి పక్కనుంచి మాట్లాడుతున్నాను. పోయిన సోమవారం ఇంజనీరమ్మ గాస్కెట్ల కోసం…”

“మెయిల్ రాలేదండీ,” అన్నాడు స్టోర్‌కీపరు, ఆమె వాక్యం పూర్తికాకుండానే.

ఇన్‌స్పెక్టరు పెదవి విరిచాడు.

“ఇంకా ఏమీ అడగలేదు నాయనా. నిన్ను ఎవరూ తప్పుపట్టడం లేదు. ఆ మెయిల్ గురించి ఆమె నీకు ఫోను చేసిందా?”

అవతల కాసేపు గొంతు సవరించుకున్న చప్పుడు. “చేసింది మేడమ్, మంగళవారం. ‘నేను పంపాను, నీకు అందలేదా, ఎప్పుడూ ఇదే పాటా’ అని దులిపేసింది. ఉన్నమాట చెప్పేస్తాను, దాచుకుని ఏం చేస్తాను. సరుకు లేనప్పుడు నేను మెయిల్ రాలేదనే అంటాను. అందరితోనూ అంతే. కానీ ఆ రోజు ఒట్టండీ, నిజంగానే రాలేదు! ఎంత చెప్పినా నమ్మదే! ‘ఈసారి రాలేదన్నావంటే నిన్నే గాస్కెట్టుగా కోసి వాడుకుంటాను’ అంది. తిట్టేది గానీ మంచి మనిషండీ. లేచిందా? కళ్ళు తెరిచిందా?”

“లేదు,” అని డిటెక్టివ్ ఫోను పెట్టేసింది.

తమ్ముడు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

“విన్నారు కదా,” అంది ఆమె. “మంగళవారానికి బాయిలరు చెక్కుచెదరలేదు. నేరం లేదు, కేసు లేదు, ఎవరికీ ఏదీ అల్లవలసిన అవసరం లేదు. ఆ రోజుకే ఈ గదిలోంచి మెయిలు బయటికి పోవడం లేదు. ఆమె పంపుతూనే ఉంది. అవి ఈ గోడలు దాటలేదు.”

“అందుకే నాకు రాలేదు!” అన్న మాట గుమ్మంలోంచి వినిపించింది.

డైరెక్టరు వచ్చాడు. ముక్కుకు జేబురుమాలు అడ్డం పెట్టుకున్నాడు. కాలిన వాసన ఇంకా వరండాలో ఉంది. “మొదట్నుంచీ నేను చెబుతున్నది అదే కదండీ. నాకు ఏ హెచ్చరికా అందలేదు. ఆర్డర్ల ఒత్తిడిలో ఉన్నాను, తొందరగా కానివ్వండి.”

“కానిద్దాం. ఆమె మెయిళ్ళకు మీరు మామూలుగా జవాబు రాసేవారా?”

“అందరికీ జవాబులు రాస్తూ కూచుంటే మిల్లు ఎవరు నడుపుతారు? చదువుతాను. చెయ్యవలసింది చేస్తాను. నానుంచి జవాబు రాలేదంటే అందిందనే అర్థం. ఇక్కడ అందరికీ తెలుసు.”

“అంటే మీ మౌనమే మీ రసీదు. మూడుసార్లు రాసి, మూడుసార్లు ఆ రసీదు పుచ్చుకుని, మీరు చూసుకుంటున్నారనుకుంది ఆ పిల్ల.”

“అది ఆమె అనుకోవడం! బాధ్యత లేకుండా ప్రవర్తించి నా మీదికి తోస్తే ఎలా? రాసి పంపమని అంత స్పష్టంగా చెప్తే, అది కూడా పంపలేదు.”

డిటెక్టివ్ కళ్ళజోడు తీసి, చీరచెంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. ఆమె అలా చేసినప్పుడు అవతలివాళ్ళు జాగ్రత్తపడాలని శాఖలో తెలిసినవాళ్ళకు తెలుసు. డైరెక్టరుకు తెలియదు.

“ఏం రాసి పంపమన్నారు?”

“అదే… ఏదైనా ఉంటే…”

“ఎప్పుడన్నారు?”

“గురువారం. నా గది గుమ్మంలోకి వచ్చింది. కొనుగోలుదారులు కూర్చుని ఉన్నారు. ఏదో బాయిలరంది. రాసి పంపమ్మా, చూస్తాను అన్నాను. తప్పా అది?”

“ఆమె ఏదో బాయిలరు అనలేదు. పేలబోయే బాయిలరు అని ఉంటుంది. ఆ ‘ఏదో’ మీది. ఇన్‌స్పెక్టరుగారూ, రాసుకున్నారా?”

ఇన్‌స్పెక్టరు కలం జేబులోంచి కదలలేదు. “గుమ్మంలో అన్న మాటలు సాక్ష్యం కావు అమ్మగారూ. పెద్దమనిషి పనిలో ఉన్నాడు. రాసి పంపమన్నాడు. ఆఫీసు అన్నాక అంతేగా.”

“అంతే. చెవిన పడింది లెక్కలోకి రాదు. లెక్కలోకి వచ్చేది కంటబడలేదు. ఆ రెండిటి మధ్య ఏడుగురు ఉడికిపోయారు. రాసుకోకండి. మీ కలం అరిగిపోతుంది.”

“మీ ఉపన్యాసం బాగుంది. కానీ అసలు ప్రశ్న అలాగే ఉంది.” ఇన్‌స్పెక్టరు బల్ల అంచు మీద కూర్చున్నాడు. “ఎందుకు పోలేదు? ముద్ర వేసేముందు మా వాళ్ళు ఈ సెట్టింగుల్లో చిరునామాలు, సర్వరు పేరు చూశారు. అంతా సవ్యంగా ఉందిట. కావాలంటే ఇప్పుడే పంపించి చూడండి.”

తమ్ముడు రెండు ముక్కలు రాసి, పంపే అక్షరం నొక్కాడు. తెర అడుగున ‘మెయిల్ పంపబడింది’ అని వచ్చింది. మరుక్షణం ఇన్‌స్పెక్టరు జేబులో ఫోను టింగుమంది.

డిటెక్టివ్ తెరను కాదు, తమ్ముడిని చూస్తోంది. మెయిలు చేరినందుకు సంతోషించవలసిన మనిషి, చెంపదెబ్బ తిన్నవాడిలా తల దించుకున్నాడు. ఆమెకు ఇక్కడితో ఆగిపోతే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. ఆగిపోయే అలవాటు ఆమెకు లేదు.

“ఇది ఎలా పనిచేస్తుందో చెప్పు నాయనా. నాకు అర్థమయ్యేలా.”

“ఇది… దానంతటది ఏదీ తేదు, పంపదు మేడమ్. వచ్చే మెయిళ్ళు తేవడానికి ఒక ప్రోగ్రాము. పోయేవి పంపడానికి వేరే ప్రోగ్రాము. ఎవరు తెస్తారో, ఎవరు పంపుతారో సెట్టింగుల ఫైల్లో మనమే చెప్పాలి. చెరొక వరుస.”

“అంటే వచ్చేవి వస్తూనే ఉంటాయి, పోయేవి పోకపోయినా.”

“వస్తూనే ఉంటాయి.”

“అందుకే ఆమెకు అనుమానం రాలేదు. ఆ సెట్టింగుల ఫైలున్న చోటు చూపించు. దాచిన ఫైళ్ళతో సహా.”

అతని వేళ్ళు మీటల మీద ఆగిపోయాయి. తరవాత, నడవలేని మనిషి మెట్లు దిగినట్టు, ఒక్కొక్క అక్షరమే కొట్టాడు. తెర మీద రెండు ఫైళ్ళు కనిపించాయి. రెండింటికీ ఒకటే పేరు. ఒకదాని చివర మాత్రం అల తిరిగిన చిన్న తోక.

“ఈ తోకేమిటి?”

“ఫైలును మార్చి సేవ్ చేస్తే, మార్చక ముందున్నదాన్ని ఎడిటరు, అంటే మనం రాసే ప్రోగ్రాము, ఇలా విడిగా ఉంచుతుంది.”

“తోక ఉన్నదానికి, ఈ మెయిల్ కొత్తగా పెట్టిన ఆదివారం తేదీ ఉంది. లేనిదానికి మొన్న శనివారం తేదీ.” ఆమె ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది. “మీ ముద్ర శుక్రవారానిది కదూ?”

ఇన్‌స్పెక్టరు మొహంలో నెత్తుటిచుక్క లేదు. “అసాధ్యం. తలుపు…”

“మీరు తలుపుకు వేశారు ముద్ర. వచ్చినవాళ్ళు తీగలోంచి వచ్చారు. ఇంట్లో కూర్చుని ఈ కంప్యూటర్లోకి రావచ్చు. అంతేనా నాయనా?”

“అంతే మేడమ్,” అన్నాడు తమ్ముడు. “నేనే.”

అడగకుండానే తోక ఉన్న ఫైలు తెరిచాడు. పంపే ప్రోగ్రాము పేరు ఉండవలసిన వరుసలో వేరే చిన్న పేరు ఉంది.

“దీని పేరు ‘ట్రూ’, అంటే నిజం. ఇది ఏ పనీ చెయ్యదు. చెయ్యకుండా, అయిపోయిందని చెబుతుంది. అంతే దాని పని. కొత్తగా పెట్టి పరీక్షించేటప్పుడు మేమిది పెట్టుకుంటాం, పిచ్చిపిచ్చి మెయిళ్ళు ఎవరికీ పోకుండా. ఆ ఆదివారం అన్నీ సరిగ్గా నడిచాయి. అక్క వచ్చి, ‘ఇక చాలు లేరా, ఆకలేస్తోంది, ఇంటికి పద’ అంది. ఆ ఒక్క వరుసా తీసెయ్యడం మర్చిపోయాను.”

“శనివారం?”

“అక్క మెయిళ్ళు పోయినట్టు రుజువు దొరుకుతుందేమోనని వచ్చాను. ఈ వరుస కనబడింది. తప్పు కనబడితే దిద్దెయ్యడం మా చేతులకు అలవాటు. దిద్దాక… అప్పుడు తెలిసింది నేనేం చేశానో.”

“నా దగ్గరికి వచ్చినప్పుడు చెప్పలేకపోయావా?”

“మీరే పట్టుకుంటారనుకున్నాను. నా నోటితో రాలేదు మేడమ్.”

డిటెక్టివ్ ఇంజనీరు కుర్చీలో కూలబడింది. జీవితమంతా ఆమె దొంగలను పట్టింది, హంతకులను పట్టింది, వాళ్ళను చూసినప్పుడు కలిగే కోపమే ఆమెకు బలం. ఇక్కడ కోపం నిలబడడానికి చోటు లేదు. ప్రాణంలా చూసుకున్న అక్క గొంతును ప్రేమతోనే నొక్కేశాడు ఒకడు. విన్నది విననట్టు ఊరుకున్నవాడేమో గడియారం చూసుకుంటున్నాడు. చట్టానికి చిక్కేది మొదటివాడే.

“భలే, సూదిమందంటే ఇదీ!” ఇన్‌స్పెక్టరు తేరుకుని బేడీలు తీశాడు. “ఒకరిని విడిపించడానికి వచ్చి ఇంకొకడిని పట్టించారు. సాక్ష్యం తారుమారు చెయ్యడం ఒకటి, నిర్లక్ష్యం ఒకటి. పదరా.”

“నేనిక వెళ్ళొచ్చా?” అన్నాడు డైరెక్టరు.

“కూర్చోండి.” ఆమె గొంతు పెద్దది కాలేదు, కాని డైరెక్టరు కూర్చున్నాడు. “రాసి పంపమన్నారు, ఆ పిల్ల రాసింది. ఇప్పుడిది మీ కళ్ళముందే ఉంది. చదివి వెళ్ళండి. నాయనా, గురువారానిది తెరువు.”

“నేను చదవలేను మేడమ్. శనివారం కూడా చదవలేకపోయాను.”

“తెరువు చాలు.”

తెర నిండా అంకెలు. బాయిలరు ప్లేట్ల మందం, ఒక్కొక్క చోటా ఎంత పలచబడిందో, పట్టికగా కట్టి ఉంది. ముద్ర వేసేముందు ఇన్‌స్పెక్టరు ఈ తెరకు తీయించిన ఫొటోలో డిటెక్టివ్ చూసినదీ ఇదే, ఇంతే. తేదీ, చిరునామా, అంకెలు. అయితే ఫొటోలో మసకగా ఉన్న కుడి మూలన ఇప్పుడు ఒక అంకె స్పష్టంగా కనబడుతోంది: నలభై శాతం.

“ఇదేమిటి?”

“చదివింది నూటికి నలభై వంతులేనని. మిగతాది కింద ఉంది. స్పేస్ మీట నొక్కితే వస్తుంది.”

డిటెక్టివ్ ఇన్‌స్పెక్టరును చూసింది. “మీవాళ్ళు నొక్కారా?”

మెయిలు పోయిందా లేదా అని అందరూ నాలుగు రోజులుగా కొట్టుకున్నారు. అందులో ఏముందో ఎవరూ చూడలేదు. తనూ చూడలేదు. గ్రీజు మరక ఉన్న ఆ పొడుగాటి మీటను ఆమే నొక్కింది.

‘రెండో షెడ్డు బాయిలరును కూడా ఈ రోజు చూశాను,’ అని ఉంది అక్కడ. ‘దాని వెనక ప్లేటు మొదటిదానికన్నా అన్యాయంగా ఉంది. సగం ఒత్తిడి మీద నడుస్తోంది కనుక ఆగింది. మొదటిదాన్ని ఆపితే ఆ పనంతా దీని మీద వెయ్యాలని అనిపిస్తుంది. దయచేసి వెయ్యకండి. పూర్తి ఒత్తిడికి తెస్తే ఒక్క రోజు కూడా నిలవదు. రెండూ చల్లార్చండి. మీరు జవాబు రాయరని తెలుసు సార్. ఈ ఒక్కదానికీ రాయండి.’

తమ్ముడు గట్టిగా చదువుతున్నానని తెలియకుండానే చివరిదాకా చదివాడు. ఆమె డైరెక్టరు వైపు తిరిగింది.

“రెండోది ఇప్పుడు ఎంత మీద నడుస్తోంది?”

జేబురుమాలు డైరెక్టరు చేతిలోంచి జారిపోయింది. “ఆర్డరు ఆగకూడదని… పొద్దుట్నుంచీ… పూర్తిగా.”

ఆయన మాట ముగిసేసరికి దారికి అడ్డున్న కుర్చీ బోర్లాపడింది. తమ్ముడు గుమ్మం దాటి వరండాలో పరుగెత్తుతున్నాడు.

“పారిపోతున్నాడు! పట్టుకోండి వాణ్ణి!” ఇన్‌స్పెక్టరు గావుకేక పెట్టాడు.

“మూర్ఖుడా, వాడు అటు ఎందుకు పోతున్నాడో తెలియడం లేదా!” అని ఆమె అరిచేలోపే మెట్ల మొదట్లో ఇద్దరు కానిస్టేబుళ్ళు అతని మీద పడ్డారు. అతని చెంప నేలకు ఒత్తుకుపోయింది. ఆ నోటితోనే, “వాల్వు తిప్పమనండి, ఎవరైనా వెళ్ళండి, ఒక్కరు వెళ్ళండి!” అని అరుస్తున్నాడు. డైరెక్టరు చెవికి ఫోను ఆనించుకుని నిలబడ్డాడు. యంత్రాల హోరులో ఆ షెడ్డులో ఎవరూ ఫోను ఎత్తరని ఆయనకూ తెలుసు.

“అందులో ఎంతమంది ఉన్నారు?” అంది డిటెక్టివ్, మెట్ల కమ్మీ పట్టుకుని దిగుతూనే.

“మామూలు షిఫ్టు,” అన్నాడాయన, చిన్నపిల్లాడి గొంతుతో. “వాళ్ళు కాక… మొదటి షెడ్డులో బతికి బయటపడ్డవాళ్ళను కూడా ఈ రోజునుంచి అందులోకే మార్చాం.”

ఆమె వెనక్కి చూడలేదు. మోకాళ్ళు మొరాయిస్తున్నా లెక్కచెయ్యకుండా, చెప్పులు అక్కడే వదిలేసి, ఆవిరి హోరు వినిపిస్తున్న వైపు పరుగెత్తింది.